బరువు లాగే పికప్ ట్రక్కుల్లో పెట్రోల్ ఇంజన్, గేర్‌బాక్సు: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికా రవాణా చరిత్రలో భారీ పికప్ ట్రక్కుకు ప్రత్యేక స్థానం ఉంది. వ్యవసాయం, నిర్మాణరంగం, పశుపోషణ, విహారయాత్ర వంటి అనేక అవసరాలకు ట్రైలర్‌ను లాగే పనిని అది శతాబ్ద కాలంగా నిర్వహిస్తోంది. ఈ పనిలో పెట్రోల్ ఇంజన్ తొలుత ఏకైక ఆధారంగా ఉండి, 1980ల తరువాత డీజిల్‌కు చోటిచ్చి, 2010ల నుంచి మళ్ళీ ప్రాధాన్యాన్ని సంతరించుకుంది. సాధారణంగా ఈ చరిత్రను ఇంజన్ల పరిమాణం ఆధారంగా చెప్తారు. నిజానికి పెట్రోల్ ఇంజన్ జయాపజయాలను నిర్ణయించింది దాని వెనుక ఉన్న గేర్‌బాక్సు అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పికప్ ట్రక్కు, పెట్రోల్ ఇంజన్, టార్క్, గేర్ నిష్పత్తి, టార్క్ కన్వర్టర్, ట్రైలర్, ప్రమాణీకరణ.

1. ప్రవేశిక

అమెరికా ఆంగ్లంలో ‘గ్యాస్ ఇంజన్’ అంటే పెట్రోల్‌తో నడిచే ఇంజన్. ‘గ్యాసొలీన్’ అనే పదానికి అది సంక్షిప్తరూపం. తెలుగువారికి ‘గ్యాస్’ అనగానే వంటగదిలోని సిలిండర్ గుర్తుకు వస్తుంది కనుక ఈ వ్యాసంలో ‘పెట్రోల్’ అనే మాటనే వాడటం జరిగింది. అలాగే ‘భారీ పికప్’ అన్నప్పుడు వాహనం, అందులోని సరుకు, ప్రయాణికులు కలిపి 8,500 పౌండ్లకు మించిన మొత్తం బరువును మోయడానికి తయారీదారు అనుమతించిన పికప్ అని గ్రహించాలి. 8,501 నుంచి 10,000 పౌండ్ల వరకు ‘2బి’ తరగతి, 10,001 నుంచి 14,000 పౌండ్ల వరకు 3వ తరగతి. ఫోర్డ్ ఎఫ్-250, ఎఫ్-350, షెవ్రొలే సిల్వరాడో 2500, 3500, రామ్ 2500, 3500 ఈ కోవలోనివి.

పెట్రోల్ ట్రక్కుల గురించి ఒక సాధారణాభిప్రాయం స్థిరపడి ఉంది. బరువు లాగే రంగంలో పెట్రోల్ ఓడింది, డీజిల్ గెలిచింది అన్నదే ఆ అభిప్రాయం. ఇది సగం సత్యమే. ఓడిపోయిన ఇంజన్ మూడు దశాబ్దాల తరువాత ఎందుకు తిరిగి వచ్చిందో ఈ అభిప్రాయం వివరించలేదు. ఆ వివరణ కోసం ఇంజన్‌ను, గేర్‌బాక్సును కలిపి ఒకే యంత్రంగా చదవవలసి ఉంటుంది.

2. భావనలు: టార్క్, శక్తి, గేర్ నిష్పత్తి

ఇరుసును తిప్పే మెలిబలం టార్క్. ఆ మెలిబలం ఎంత వేగంగా పనిచేస్తుందో చెప్పేది శక్తి. పౌండ్-అడుగులలోని టార్క్‌ను నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యతో గుణించి 5,252తో భాగిస్తే అశ్వశక్తి వస్తుంది. ఈ చిన్న సూత్రంలోనే పెట్రోల్, డీజిల్ తగాదా అంతా ఇమిడి ఉంది. డీజిల్ ఇంజన్ తక్కువ చుట్లలోనే ఎక్కువ టార్క్ ఇస్తుంది. టర్బో లేని పెట్రోల్ ఇంజన్ అదే శక్తిని ఇవ్వాలంటే ఎక్కువ చుట్లు తిరగాలి. అంటే పెట్రోల్ ఇంజన్‌లో శక్తి లేకపోవడం కాదు, అది పై అంతస్తులో ఉండటమే సమస్య. అక్కడికి చేర్చే మెట్లే గేర్లు.

గేర్ నిష్పత్తి 4 అయితే ఇంజన్ నాలుగు చుట్లు తిరిగినప్పుడు గేర్‌బాక్సు నుంచి బయటికి వచ్చే షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. రాపిడి నష్టాలను పక్కన పెడితే టార్క్ నాలుగింతలవుతుంది. వెనుక ఇరుసులోని నిష్పత్తి దానిని మరోసారి హెచ్చిస్తుంది. దుక్కి నేలలో గాని, చెరువుగట్టు ఎక్కేటప్పుడు గాని ట్రాక్టర్‌ను తక్కువ గేరులో నడిపే రైతుకు ఈ సూత్రం అనుభవంలోనిదే.

పాత గణాంకాలను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 1972కు ముందు అమెరికా తయారీదారులు ప్రకటించిన అశ్వశక్తి సాధారణంగా ‘స్థూల’ శక్తి. ఫ్యాను, ఆల్టర్నేటర్, పూర్తి పొగగొట్టం వంటివి లేకుండా ఇంజన్‌ను బల్లపై నడిపి కొలిచిన సంఖ్య అది. ఆ తరువాత ‘నికర’ శక్తిని ప్రకటించడం ఆనవాయితీ అయింది. కాబట్టి 1960ల నాటి సంఖ్యను నేటి సంఖ్య పక్కన పెట్టి తీర్పు చెప్పడం శాస్త్రీయం కాదు. గేర్ నిష్పత్తులకు ఈ చిక్కు లేదు. అవి పళ్ళ లెక్క మీద ఆధారపడినవి కనుక ఏ కాలానికైనా ఒకటే. చరిత్రకారునికి ఇంజన్ ప్రకటనల కంటే గేర్‌బాక్సు నమ్మదగిన సాక్షి కావడానికి ఇదే కారణం.

3. తొలి దశ: చిన్న ఇంజన్, తక్కువ మెట్లు (1917–1945)

ఫోర్డ్ సంస్థ 1917లో ‘మోడల్ టిటి’ అనే ఒక టన్ను ట్రక్కు చాసిస్‌ను విడుదల చేసింది. దానిలోనిది మోడల్ టి కారు ఇంజనే. 177 ఘనపుటంగుళాల పరిమాణం, 20 అశ్వశక్తి, కాలి పెడళ్ళతో నడిచే రెండు గేర్ల వ్యవస్థ. బరువు మోయడం కోసం మార్చింది ఇంజన్‌ను కాదు, దృఢమైన చట్రాన్ని, ఎక్కువ నిష్పత్తి గల వర్మ్ గేర్ ఇరుసును. అదీ చాలని యజమానులు రక్‌స్టెల్ రెండు వేగాల ఇరుసును, వార్‌ఫర్డ్ అదనపు గేర్‌బాక్సును బిగించుకొనేవారు. బరువు పెరిగినప్పుడు మనిషి మొదట వెతికింది మరో మెట్టునే అని ఈ తొలి ఉదాహరణ సూచిస్తుంది.

1925లో ఫోర్డ్ మోడల్ టి రనబౌట్‌కు కర్మాగారంలోనే పికప్ తొట్టిని అమర్చి అమ్మడం ప్రారంభించింది. 1932లో వచ్చిన 221 ఘనపుటంగుళాల వి-8 ఇంజన్ 65 అశ్వశక్తితో సామాన్యుడి వాహనానికి ఎనిమిది సిలిండర్లను అందించింది. రెండవ ప్రపంచ యుద్ధంలో డాడ్జ్ తయారుచేసిన సైనిక ట్రక్కుల అనుభవం నుంచి 1946లో ‘పవర్ వాగన్’ అనే పౌర ట్రక్కు పుట్టింది. ఒక టన్ను సామర్థ్యం, నాలుగు చక్రాల చోదనం, నాలుగు గేర్లు గల ఈ ట్రక్కులో 230 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్ ఉండేది. దాని శక్తి 94 అశ్వశక్తి మాత్రమే. అయినా పొలాల్లో, అడవుల్లో, చమురు క్షేత్రాల్లో అది కఠినమైన పనులకు పేరుపొందింది. నెమ్మదిగా నడవడానికి సిద్ధపడితే చిన్న ఇంజన్ కూడా పెద్ద బరువును కదిలించగలదని పవర్ వాగన్ నిరూపించింది.

4. రెండు మార్గాలు: ‘అవ్వ గేరు’, ఆటోమేటిక్ (1946–1972)

1956 నాటి సమాఖ్య రహదారుల చట్టం 41,000 మైళ్ళ అంతర్రాష్ట్ర రహదారులకు పునాది వేసింది. దానితో ట్రైలర్ లాగడం పొలానికి, పక్క ఊరికి పరిమితమైన పనిగా ఉండక వందల మైళ్ళ ప్రయాణంగా మారింది. కొండ దారిలో కదిలితే చాలదు, వేగాన్ని నిలబెట్టుకోవడమూ అవసరమైంది. ఈ దశలో గేర్‌బాక్సు రెండు మార్గాలలో పరిణమించింది.

మొదటిది నాలుగు వేగాల మాన్యువల్ గేర్‌బాక్సు. బోర్గ్-వార్నర్ టి-18 మొదటి గేరు నిష్పత్తి 6.32. న్యూ ప్రాసెస్ ఎన్‌పి-435లో అది 6.68, జనరల్ మోటార్స్ ఎస్ఎమ్-465లో 6.55. నడక వేగంతో కదిలే ఈ మొదటి గేరును అమెరికా డ్రైవర్లు ‘అవ్వ గేరు’ అని వ్యవహరించారు. ఖాళీ బండిని రెండో గేరులోనే కదిలించేవారు. బరువు ఉన్నప్పుడు, ఎత్తు మీద బయలుదేరవలసి వచ్చినప్పుడు మొదటిది అక్కరకు వచ్చేది. అయితే టి-18లో రెండో గేరు నిష్పత్తి 3.09, మూడోది 1.69. మెట్ల మధ్య దూరం ఎంతో ఎక్కువ.

రెండవది ఆటోమేటిక్. జనరల్ మోటార్స్ 1953లో జిఎమ్‌సి తేలికపాటి ట్రక్కులకు, 1954లో షెవ్రొలే ట్రక్కులకు హైడ్రా-మాటిక్‌ను అందించింది. 1960లలో క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్ 727, జనరల్ మోటార్స్ టర్బో హైడ్రా-మాటిక్ 400, ఫోర్డ్ సి6 అనే మూడు దృఢమైన మూడు గేర్ల ఆటోమేటిక్‌లు వచ్చాయి. వీటి మొదటి గేరు నిష్పత్తి వరుసగా 2.45, 2.48, 2.46. టి-18 పక్కన ఇవి చాలా బలహీనంగా కనిపిస్తాయి. కాని క్లచ్ స్థానంలో ఉన్న టార్క్ కన్వర్టర్ బండి కదిలే క్షణంలో టార్క్‌ను సుమారు రెండింతలు చేస్తుంది. ఇరుసు నిష్పత్తి 4.10 అనుకుంటే టి-18 మొత్తం హెచ్చింపు 25.9. సి6కు గేర్లతో 10.1, కన్వర్టర్ సాయంతో దాదాపు 20. క్లచ్ కాలిపోయే భయం లేకుండా ఎత్తు మీద బయలుదేరగలగడం వీటి గొప్ప ప్రయోజనం.

ఈ సౌకర్యానికి మూల్యం వేడి. కన్వర్టర్‌లో ద్రవం జారడం వల్ల వృథా అయ్యే శక్తి అంతా వేడిగా మారి గేర్‌బాక్సు నూనెను కాస్తుంది. ట్రైలర్ లాగే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయుష్షును ప్రధానంగా నిర్ణయించేది ఈ వేడే. అందుకే నూనెను చల్లార్చే అదనపు కూలర్ ట్రైలర్ లాగేవారికి తప్పనిసరి సామగ్రి అయింది.

5. పెద్ద ఇంజన్ల కాలం, సంక్షోభం (1973–1988)

మూడే మెట్లున్నప్పుడు ప్రతి మెట్టు మీద విస్తృతమైన చుట్ల పరిధిలో ఇంజన్ బలంగా ఉండాలి. సి6లో రెండో గేరు 1.46, మూడోది 1.00. నిమిషానికి 4,000 చుట్ల వద్ద గేరు మారితే ఇంజన్ ఒక్కసారిగా 2,740 చుట్లకు పడిపోతుంది. అక్కడ కూడా కొండ ఎక్కేంత బలం ఉండాలంటే ఇంజన్ పరిమాణం పెంచడం తప్ప మార్గం లేదు. 1973లో ఫోర్డ్ 460, షెవ్రొలే 454 ఘనపుటంగుళాల ఇంజన్లు పికప్‌లలోకి వచ్చాయి. లీటర్లలో అవి 7.5, 7.4. ఈ పెద్ద ఇంజన్లను సాధారణంగా విలాసానికి, ఇంధనం చౌకగా ఉన్న కాలపు దుబారాకు చిహ్నాలుగా చూస్తారు. గేర్‌బాక్సు కోణం నుంచి చూస్తే అవి లేని మెట్లకు ప్రత్యామ్నాయాలు.

కాలం వాటికి అనుకూలించలేదు. అదే 1973లో మొదటి చమురు సంక్షోభం, 1979లో రెండోది వచ్చాయి. 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం పర్యవసానంగా సంపీడన నిష్పత్తులు తగ్గాయి, 1975 నుంచి ఉత్ప్రేరక కన్వర్టర్లు వచ్చాయి. మొత్తం బరువు 6,000 పౌండ్లు దాటితే నాటి కన్వర్టర్ నిబంధన వర్తించదు కనుక ఫోర్డ్ 1975లో ఆ హద్దుకు పైనుండేలా ఎఫ్-150ని రూపొందించింది. చట్టం గీసిన గీత యంత్రం రూపాన్ని నిర్ణయించడానికి ఇది మంచి ఉదాహరణ. కార్బ్యురేటర్ స్థానంలో 454కు 1987లో, 460కు 1988లో ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ వచ్చేసరికి పోటీదారు రంగంలోకి దిగి ఉన్నాడు.

6. డీజిల్ సవాలు (1982–2010)

జనరల్ మోటార్స్ 1982లో 6.2 లీటర్ల డీజిల్‌ను, ఫోర్డ్ 1983లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తయారుచేసిన 6.9 లీటర్ల డీజిల్‌ను పికప్‌లలో అందించాయి. అసలైన మలుపు 1989లో డాడ్జ్ అమర్చిన 5.9 లీటర్ల కమ్మిన్స్ టర్బో డీజిల్. దాని శక్తి 160 అశ్వశక్తి, టార్క్ 400 పౌండ్-అడుగులు. శక్తి లెక్కలో ఇది ఆనాటి పెద్ద పెట్రోల్ ఇంజన్ల కంటే తక్కువే. కాని ఆ టార్క్ నిమిషానికి 1,700 చుట్ల లోపే అందేది. మూడు నాలుగు మెట్లు మాత్రమే ఉన్న కాలంలో ఈ లక్షణం అమూల్యమైనది. డీజిల్ విజయానికి ఇంజన్ గుణం ఎంత కారణమో, నాటి గేర్‌బాక్సుల పేదరికం కూడా అంతే కారణం.

దీనికి తోడు ఎత్తైన ప్రదేశాల సమస్య ఉంది. టర్బో లేని ఇంజన్ సముద్రమట్టం నుంచి ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తిని కోల్పోతుంది. కొలరాడోలో 11,000 అడుగులకు పైగా ఎత్తున ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం చేరేసరికి మూడింట ఒక వంతు శక్తి ఆవిరైపోతుంది. టర్బో ఉన్న డీజిల్‌కు ఈ నష్టం చాలా తక్కువ.

పెట్రోల్ పక్షం మొదట పాత పద్ధతిలోనే బదులిచ్చింది. డాడ్జ్ 1994లో 8.0 లీటర్ల వి-10ను తెచ్చింది. ఫోర్డ్ 1999 సూపర్ డ్యూటీలో 6.8 లీటర్ల వి-10ను అమర్చింది. జనరల్ మోటార్స్ 2001లో 8.1 లీటర్ల వి-8ను 340 అశ్వశక్తితో ప్రవేశపెట్టింది. ఇవన్నీ సమర్థమైన ఇంజన్లే. కాని వీటి వెనుక ఉన్నవి ఎక్కువగా నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లు. సి6 నుంచి పుట్టిన ఇ4ఒడి 1989లో, టర్బో హైడ్రా-మాటిక్ 400 నుంచి పుట్టిన 4ఎల్80-ఇ 1991లో వచ్చాయి. ఎలక్ట్రానిక్ నియంత్రణ, కన్వర్టర్‌ను బిగించే లాకప్ క్లచ్, ఓవర్‌డ్రైవ్ వీటిలోని కొత్త అంశాలు. ఇ4ఒడి మూడో గేరు 1.00, నాలుగోది 0.71. వాలులో బండి ఆ రెండింటి మధ్య ఏ గేరులోనూ కుదురుకోలేక పైకీ కిందికీ మారుతూ ఉండేది. ప్రతి మార్పులోనూ వేడి పుట్టేది. ట్రైలర్ ఉన్నప్పుడు ఓవర్‌డ్రైవ్‌ను ఆపివేయమని సలహా ఇవ్వడానికి ఇదే కారణం.

ఈ దశలో తొలి గుణాత్మక మార్పు 8.1 లీటర్ల ఇంజన్‌కు ఐదు వేగాల ఆలిసన్ 1000 గేర్‌బాక్సు దొరకడంతో కనిపించింది. 2000ల ఆరంభానికి ‘టో/హాల్’ అనే మీట సాధారణమైంది. దాన్ని నొక్కితే గేర్లు ఆలస్యంగా పైకి మారతాయి, దిగుడులో ముందుగానే కిందికి మారి ఇంజన్‌తో బండిని నిలువరిస్తాయి. పెట్రోల్ ఇంజన్‌కు ఇక్కడ ఒక సహజ ప్రయోజనం ఉంది. థ్రాటిల్ మూసుకున్నప్పుడు గాలిని లాక్కోవడానికి పిస్టన్లు పడే శ్రమే బ్రేకుగా పనిచేస్తుంది. డీజిల్‌లో ఆ రకమైన థ్రాటిల్ అవరోధం లేనందువల్ల పొగగొట్టంలో ప్రత్యేకంగా బ్రేకు అమర్చవలసి వచ్చింది.

7. కొలమానం కోసం అన్వేషణ

ఎంత బరువు లాగవచ్చు అన్న ప్రశ్నకు చాలాకాలం వరకు ప్రతి తయారీదారూ తన సొంత పరీక్షతోనే జవాబు చెప్పుకున్నాడు. ప్రకటనల్లోని సంఖ్యలు ఏటేటా పెరిగాయి. కాని వాటిని పక్కపక్కన పెట్టి పోల్చే ఆధారం లేదు. ఇది పుస్తకాల్లోని వివాదం కాదు. కుటుంబాన్ని ఎక్కించుకొని కొండ దిగే డ్రైవర్ ప్రాణం ఆ సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది.

ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ 2008లో ‘జె2807’ అనే ప్రమాణాన్ని ప్రచురించింది. అరిజోనా రాష్ట్రంలోని డేవిస్ డ్యామ్ వద్ద ఉన్న 11.4 మైళ్ళ ఎగుడు దారి దీనికి కొలబద్ద. 100 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గని ఎండలో, ఏసీని పూర్తిగా నడుపుతూ, వెనుక ఇరుసుకు రెండు చక్రాలున్న పికప్ గంటకు 40 మైళ్ళకు, నాలుగు చక్రాలున్నది 35 మైళ్ళకు తగ్గకుండా ఆ దారిని ఎక్కాలి. 12 శాతం వాలు మీద నిలిచిన బండి ఐదు నిమిషాలలో ఐదుసార్లు ముందుకు, అలాగే వెనక్కి కదలాలి. మొదటి పరీక్ష ఇంజన్ శక్తినీ చల్లార్పునూ, రెండవది మొదటి గేరునూ కన్వర్టర్‌నూ ప్రశ్నిస్తాయి. 2011 నమూనాలతో టొయోటా దీన్ని ముందుగా అనుసరించింది. ఫలితంగా దాని టండ్రా పికప్ ప్రకటిత సామర్థ్యం తగ్గింది. మిగిలిన ప్రధాన తయారీదారులు ఆ దారిలోకి రావడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది. ఇంజన్‌ను, గేర్‌బాక్సును విడివిడిగా కాక జంటగా తూచిన తొలి ఉమ్మడి ప్రమాణంగా దీని చారిత్రక విలువను గుర్తించాలి.

8. పునరాగమనం (2011–2024)

డీజిల్ ఆధిక్యానికి కూడా మూల్యం ఉంది. 2007 ఉద్గార నిబంధనలతో మసి వడపోతలు, 2010 నిబంధనల నేపథ్యంలో యూరియా ద్రవంతో పొగను శుద్ధి చేసే ఏర్పాట్లు వచ్చాయి. డీజిల్ ట్రక్కు ధర, నిర్వహణ ఖర్చు పెరిగాయి. ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే బరువు లాగేవారికి ఆ అదనపు పెట్టుబడి గిట్టుబాటు కాదు. పెట్రోల్‌కు మళ్ళీ అవకాశం ఏర్పడింది. ఈసారి అది మెట్లతో వచ్చింది.

ఫోర్డ్ 2011లో వి-10 స్థానంలో 6.2 లీటర్ల వి-8ను ఆరు గేర్లతో సూపర్ డ్యూటీలో అమర్చింది. రామ్ 2014లో 410 అశ్వశక్తి గల 6.4 లీటర్ల హెమీని తెచ్చి, 2019లో దానికి జెడ్ఎఫ్ రూపొందించిన ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ను జతచేసింది. జనరల్ మోటార్స్ 2020లో 401 అశ్వశక్తి, 464 పౌండ్-అడుగుల టార్క్ గల 6.6 లీటర్ల ఇంజన్‌ను ఆరు గేర్లతో ప్రవేశపెట్టి, 2024లో పది గేర్లకు మార్చింది. ఫోర్డ్ 2020లో తెచ్చిన 7.3 లీటర్ల వి-8 పది గేర్లతోనే పుట్టింది. దాని శక్తి 5,500 చుట్ల వద్ద 430 అశ్వశక్తి, టార్క్ 4,000 చుట్ల వద్ద 475 పౌండ్-అడుగులు.

ఈ 7.3 నిర్మాణం గమనించదగినది. పోత ఇనుప బ్లాకు, దానిలోనే క్యామ్‌షాఫ్టు, వాల్వుల్ని తెరిచే పుష్‌రాడ్లు. ఈ అమరిక 1960ల నాటిదే. కొత్తదనం వెనుకనున్న గేర్‌బాక్సులో ఎక్కువగా ఉంది. మొదటి గేరు 4.615, పదోది 0.632. ఈ రెండింటి మధ్య విస్తృతి 7.3. సి6లో అది 2.46, ఇ4ఒడిలో 3.8, టి-18లో 6.32. అంటే పది గేర్ల ఆటోమేటిక్ పాత మాన్యువల్ కంటే విశాలమైన పరిధిని నాలుగు మెట్లకు బదులు పది మెట్లలో పంచుతోంది. ఐదో గేరు 1.519, ఆరోది 1.277. 4,000 చుట్ల వద్ద మారితే ఇంజన్ 3,360 దగ్గర నిలుస్తుంది. సి6తో ఇదే ఇంజన్ 2,740కి పడిపోయేది. పై అంతస్తులోని శక్తిని అక్కడే ఉంచి వాడుకోవడం ఇప్పుడు సాధ్యమైంది.

అయితే దీనిని డీజిల్ పరాజయంగా చెప్పకూడదు. 2019లో రామ్ కమ్మిన్స్ డీజిల్ 1,000 పౌండ్-అడుగుల టార్క్‌ను చేరింది. అత్యధిక బరువులకు, ఎత్తైన పర్వతమార్గాలకు, నిత్యం లాగే పనికి డీజిల్ ఆధిక్యం కొనసాగుతోంది. భారం పెరిగినప్పుడు లోహభాగాలను వేడి నుంచి కాపాడటానికి పెట్రోల్ ఇంజన్ అవసరానికి మించిన ఇంధనాన్ని తీసుకొంటుంది. గేర్లు ఎన్ని ఉన్నా ఈ పరిమితి తొలగలేదు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. 1917 నుంచి బరువు పెరిగిన ప్రతి దశలో తొలి పరిష్కారం గేర్లలోనే లభించింది. మెట్లు తక్కువైన కాలంలో ఇంజన్ పరిమాణం ఆ లోటును పూడ్చింది.

2. 1989 తరువాత డీజిల్ సాధించిన ఆధిక్యాన్ని నాటి మూడు, నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ల పరిమితుల నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

3. 2011 తరువాతి పునరాగమనానికి రెండు కారణాలు కలిసివచ్చాయి. ఉద్గార నిబంధనలు డీజిల్ ఖర్చును పెంచాయి, పెరిగిన గేర్ల సంఖ్య పెట్రోల్ స్వభావానికి సరిపోయింది.

4. శక్తి, టార్క్ ప్రకటనలు కాలానుగుణంగా మారే కొలమానాలకు లోబడినవి. గేర్ నిష్పత్తులు, జె2807 వంటి ఉమ్మడి పరీక్షలు చారిత్రక పోలికకు స్థిరమైన ఆధారాలు.

యంత్రాల చరిత్రలో కంటికి, చెవికి ఆనేది ఇంజన్. దాని పేరుతో ప్రకటనలు, అభిమానులు ఏర్పడతారు. గేర్‌బాక్సు బండి కింద చీకట్లో నూనెలో మునిగి ఉంటుంది. చోదకశక్తి పుట్టిన చోటును మాత్రమే చూసి, అది చక్రానికి చేరిన దారిని విస్మరిస్తే ఆ చరిత్ర అసంపూర్ణం. ఇతర యంత్రాల పరిణామాన్ని అధ్యయనం చేసేవారికి కూడా ఈ దృష్టి ఉపకరిస్తుంది.